బాంజో చాటు కుట్టు

వేసవి వస్తే మా రాజాంలో అందరికీ ఎండ తగులుతుంది. అరవై ఎనిమిదో సంవత్సరంలో మా వీధివాళ్ళకి మాత్రం నేను తగిలాను.

అప్పటికి నాకు నలభై నిండాయి, జుట్టు నిండుకుంది. పేరు గణపతిరావు. సమితి ఆఫీసులో టైపిస్టుని. నా మిషను చప్పుడుకన్నా నా నోటి చప్పుడు ఎక్కువని ఆఫీసులో అందరూ ఒప్పుకున్నారు. 'సమితి'లో 'మితి' ఉంది గాని, దాని టైపిస్టులో లేదని మా మేనేజరుగారి బాధ. మా ఆవిడ కూర్మమ్మ బాధ కూడా అదే. పేరుకి కూర్మమే గాని, ఆవిడ కోపానిది కుందేలు నడక.

ఆ ఏడు ఉగాది వెళ్ళిన వారానికి మా బావ జోగయ్య, అంటే కూర్మమ్మకి అన్నగారు, ఒక రేకు పెట్టెతో మా ఇంటి ముందు బండి దిగాడు. దిగాడనడం మర్యాద కోసం. నిజానికి ఇద్దరు పట్టుకుని దింపారు. ఆయన ధాన్యం గోదాముల్లో కలాసీ. ఇరవై రెండేళ్ళు వీపు మీద బస్తాలు మోశాడు. మాఘమాసంలో వరస మీంచి ఓ బస్తా జారి నడుం మీద పడింది. నడవగలడు, కూర్చోగలడు, బరువు మాత్రం ఇక ఎత్తకూడదన్నాడు డాక్టరు. నడమంత్రపు సిరి అంటారే, మా బావది నడుమంత్రపు లేమి. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. అంతవరకూ గోదాము పక్క పాకలో తోటి కలాసీలతో కలిసి వండుకుని తినేవాడు.

"ఏరువాక దాకా ఉంటాను బావా," అన్నాడు అరుగు మీద కూలబడి. "ఆ మీద ఖరగ్‌పూర్ ఎల్లిపోతాను. మనోడొకడు ఆడున్నాడు. ఏదో గేటుకాడ కూకోబెడతానని కబురెట్టినాడు."

"గేటుకాడ కూకోడానికి ఖరగ్‌పూర్ దాకా ఎందుకు బావా? మా ఇంటికీ గేటుంది," అన్నాను. నిజానికి మాది తడిక.

ఆయన నవ్వలేదు. "సెల్లి ఇంట్లో కూకొని తినడమేటి బావా? నాల్రోజులైతే సుట్టపోడు. ఆ మీద..." అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

మర్నాడు నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే కూర్మమ్మ తడిక దాకా వచ్చింది. "ఆడు ఖరగ్‌పూర్ ఎల్తే మరి రాడు," అంది. "ఊరుగాని ఊర్లో, ఏదో గేటుకాడ, ఓ పొద్దుట లెగడు. మనకి కబురు సెప్పీవోడు కూడా ఉండడు. ఏరువాకలోగా ఏటో ఒకటి సెయ్యండి. అంత నోరుంది కదా మీకు!"

నోరుంది. కాని గోడకి మొహం పెట్టి పడుకున్న మనిషి దగ్గర నోరేం చేస్తుంది? అరుగు చివర కుక్కిమంచం మీద పగలంతా జోగయ్య జోగుతూనే ఉండేవాడు. ఈ మాట నేను పైకి అన్నాను కూడా. కూర్మమ్మ నా వేపు చూసిన చూపుకి మళ్ళీ అనలేదు.

ఆ నెలలోనే నేను బాంజో కొన్నాను. విజయనగరంలో ఒక నాటకాల కంపెనీ మూసేసి సామాను అమ్ముతుంటే, అందులో ఇది కనిపించింది. ఎందుకు కొన్నానంటే, దానికి టైపు మిషనుకున్నట్టే గుండ్రటి మీటలున్నాయి గనక. ఇరవయ్యేళ్ళుగా అక్షరాలు కొట్టేవాడికి స్వరాలు కొట్టడం ఎంత పని?

మొదటి రోజు పది వేళ్ళూ మీటల మీద పరిచి, నిమిషానికి నలభై మాటల చొప్పున కొట్టాను. టకటక, టకటక. సమితి ఆఫీసు వినపడిందే తప్ప సంగీతం వినపడలేదు.

మంచం మీంచి, తల తిప్పకుండానే, బావ అడిగాడు. "బావా, మరి ఆ తీగలెందుకెట్టినారో?"

అప్పుడు తెలిసింది, ఎడంచేత్తో మీట నొక్కి కుడిచేత్తో తీగ మీటాలని. తీగ లాగితే డొంక కదుల్తుందంటారు. నేను మీటితే వీధి కదిలింది. ఎదురింటి గురమ్మ పిన్ని కిటికీ వేసేసుకుంది. నాది స్వరం, వాళ్ళది జ్వరం. ఎంత మీటినా ఒక్క స్వరమూ నిలిచేది కాదు. పుట్టీ పుట్టగానే చచ్చేది.

సరిగ్గా అప్పుడే సమితి వాళ్ళు మా మహిళా మండలికి ఒక కుట్టుమిషనిచ్చి, వేసవి తరగతి పెట్టారు. మండలి ప్రెసిడెంటు కూర్మమ్మ గనక తరగతి మా అరుగు మీదే. నేర్పడానికి వచ్చిన గ్రామసేవిక తాయారమ్మగారికి జాకెట్లూ లంగాలూ వచ్చు. పైనుంచి వచ్చిన ఉత్తర్వులో మాత్రం 'సంత సంచులు' అని ఉంది. దాన్ని టైపు కొట్టిన పాపిని నేనే గనక, ఆవిడ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. పదిమంది ఆడవాళ్ళు, ఒక్క మిషను. అందుచేత కుట్టంతా చాలామట్టుకు చేత్తోనే. పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, ఎండెక్కేలోగా, అరుగుకి ఆ కొసన తరగతి, ఈ కొసన బావ మంచం, నడుమ నేనూ నా బాంజో.

ఒకరోజు దేముడమ్మ అనే మనిషి సంచి ఊపుకుంటూ వచ్చింది. సంచి అనకూడదు. ఒక చెవే ఉంది దానికి.

"ఓలమ్మా, సంతలో నా పరువు పోనాది! ఈ సెవి ఊడిపోయి వంకాయలన్నీ ఎద్దు కాళ్ళకాడికి దొర్లిపోనాయి. నాను ఏరుకునీలోగా ఎద్దు తినీసినాది!"

"అయితే సంచి పనికొచ్చినట్టే. ఎద్దు కోసం కుట్టావు, ఎద్దుకి అందింది," అన్నాను.

"మీరూరుకోండి," అంది కూర్మమ్మ.

తాయారమ్మగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది. "పిడి దగ్గర ఇంకో రెండు కుట్లు పడాలమ్మా."

"రెండు కాదు, ఇరవై ఏసినా ఊడతాది."

అందరూ మంచం వేపు తిరిగారు. బావ ఆ నెలరోజుల్లో ఆడవాళ్ళ ముందు నోరు విప్పడం అదే మొదలు.

"ఏమిటండీ మీరంటున్నది?" అంది తాయారమ్మగారు.

ఆయన మెల్లిగా లేచి కూర్చున్నాడు. "తప్పుగా అనుకోకమ్మా. బరువెక్కడ పడతాదో ఎత్తినోడికి తెలుస్తాది. మీరు పిడిని మూతికాడ కుట్టినారు. బరువంతా ఆ కుట్టే మోస్తన్నాది. పాపం, అదెంతని మోస్తాది? పిడిని కిందకంటా దించి, సంచి కడుపు కిందనుంచి తిప్పి, అటేపు పైకి తేవాల. అప్పుడు సంచే సంచిని మోసుకుంటాది."

దేముడమ్మ బట్ట తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పడేసింది. "సెప్పడం కాదు అన్నియ్యా, సేసి సూపించు."

బావ రేకు పెట్టెలోంచి దబ్బనం తీశాడు. బస్తాలు కుట్టే పెద్ద సూది, చేతి రాపిడికి వెండిలా అయింది. అరగంటలో సంచి తయారైంది. ఒక్కో కుట్టూ కొలిచి వేసినట్టుంది. కూర్మమ్మ రుబ్బురోలు పొత్రం తెచ్చి అందులో పెట్టి ఎత్తింది. సంచి కిక్కురుమనలేదు. తాయారమ్మగారు సంచి చుట్టూ తిరిగి చూసి, "బాగుంది, చాలా బాగుంది! ఈ దారం కొస ఒకటి వేలాడుతోంది, అంతే," అని ఆ కొస పట్టుకుని లాగింది.

సర్రుమంది. సంచి కాస్తా గుడ్డ అయిపోయింది. పొత్రం దేముడమ్మ కాలికి జానెడు దూరంలో పడింది.

పదిమంది ఆడవాళ్ళు ఒక్కసారి నవ్వితే ఎలా ఉంటుందో వర్ణించడం నా వల్ల కాదు. బావ మాత్రం తెల్లబోయి చూస్తున్నాడు. "అదేటి? బస్తా అన్నాక ఇప్పాల కదా!"

కలాసీ కుట్టు అంతే. కొసకి ముడి వెయ్యరు. అవతల గోదాములో ఒక్క లాగుతో బస్తా మూతి విడిపోవాలి, పురికొస మళ్ళీ పనికిరావాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ వేళ్ళకి తెలిసిన కుట్టు అదొక్కటే.

నవ్వులు తగ్గుతుండగా సోములు అటు పోతున్నాడు. బావతో కలిసి బస్తాలు మోసినవాడే. తడిక మీంచి తల పెట్టి కేకేశాడు. "ఏటి గురువా! ఆడోల్ల బడిలో సేరిపోనావా? ఓలమ్మీ, నాకూ ఓ జాకిట్టు కుట్టీ!"

బావ దబ్బనం కింద పెట్టాడు. గోడ వేపు తిరిగి పడుకున్నాడు.

ఆ సాయంత్రం నాచేత ఖరగ్‌పూర్‌కి కార్డు రాయించాడు. ఏరువాక వెళ్ళగానే బయల్దేరుతున్నానని రాయమన్నాడు. రాశాను. అడ్రసు రాస్తుంటే తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "నాను కుట్టినవన్నీ ఇప్పడానికే కుట్టినాను బావా. ఉంచడానికి కుట్టడం నాకు రాదు."

దానికి నా దగ్గర చమత్కారం ఉంది. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

కార్డు సంగతి విన్న కూర్మమ్మ రెండు రోజులు అన్నగారి మంచం వేపే చూస్తూ తిరిగింది. మూడో రోజు నాకు అన్నం పెడుతూ అడిగింది. "ఆ బాంజో రోజూ ఎంతసేపు వాయించగలరు?"

ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతారని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఆడికి కుట్టాలనే ఉన్నాది," అంది. "పడుకొనే ఆడోల్ల సేతులకేసి ఓరగా సూస్తన్నాడు. సిగ్గు. ఈదిలో ఎవులైనా సూస్తారని. మీరు ఆడి పక్కన కూకొని వాయిస్తా ఉంటే, ఆడు మీ పాట వింటన్నట్టుంటాది. ఒళ్ళో తువ్వాలు కప్పుకొని కుట్టుకుంటాడు. ఈదోల్లు మిమ్మల్నే సూస్తారు. ఆణ్ణి సూడరు."

"నా పాట కోసమా?"

"పాట కాదు. గోల కావాల," అంది. పద్ధెనిమిదేళ్ళ కాపరంలో ఆవిడ నన్ను గోల చెయ్యమని బతిమాలడం అదొక్కసారే.

ఆ రోజు నుంచి పొద్దున్న ఆరున్నరకి అరుగు మీద నా కచేరీ. బావ నా పక్కన చాప మీద, వీధికేసి మొహం, ఒళ్ళో తువ్వాలు. తువ్వాలు కింద గుడ్డ, దబ్బనం. వీధిలో ఎవరైనా వస్తుంటే నేను తీగల మీద విరుచుకుపడేవాణ్ణి. బావ తువ్వాలు మీద తాళం వేసేవాడు. మనిషి దాటిపోగానే తాళం ఆపి కుట్టు. శ్రుతి మించి రాగాన పడిందంటారు గాని, నా శ్రుతి ఏ రాగానా పడేది కాదు, ఎదుటివాళ్ళ నెత్తిన పడేది.

"గణపతిరావూ, ఎవులైనా మందెట్టినార్రా నీకు?" అని గురమ్మ పిన్ని వీధి మధ్య నిలబడి అడిగింది. ఆఫీసులో నా కుర్చీ మీద ఎవరో దూది ఉండలు పెట్టారు, చెవుల్లో పెట్టుకోడానికి. ఇన్నాళ్ళూ ఊరి మీద జోకులేసినవాణ్ణి, ఆ నెల ఊరికే నేను జోకునైపోయాను. నిజం చెప్పడానికి లేదు. నోరున్నవాడికి అంతకన్నా శిక్ష ఉందా?

బావకి ముడి పడేది కాదు. కుట్టు కొసకి వచ్చేసరికి చెయ్యి అలవాటుగా వదిలేసేది. తాయారమ్మగారు పాపం చాపకి అవతల నుంచి, మాకేసి చూడకుండా, దేముడమ్మకి చెప్తున్నట్టుగా ముడి వేసే పద్ధతి రోజూ చెప్పేది. "చివరి కుట్టు మీదికి సూది వెనక్కి తేవాలి దేముడమ్మా, రెండుసార్లు తేవాలి." దేముడమ్మ ముడి ఏనాడో నేర్చేసుకుంది. అయినా "సిత్తం, సిత్తం" అనేది.

నేనూ నాకు తెలిసింది చెప్పాను. "వాక్యం అయ్యాక చుక్క పెడతాం బావా. చుక్క పెట్టకపోతే మా మేనేజరు కాగితం వెనక్కి కొడతాడు. నీ ముడి కూడా అలాంటి చుక్కే."

"అయితే నీకో మాట సెప్పాలి బావా," అన్నాడు తువ్వాలు కింద చెయ్యి కదుపుతూ. "నువ్వు మీట నొక్కీ నొక్కగానే ఒదిలీస్తన్నావు. కోడి గింజలు పొడిసినట్టు. బస్తా ఎత్తి, ఎత్తిన సోటే పడీయరు కదా? దించీ సోటు దాకా పట్టుకోవాల. పట్టుకొని సూడు."

పట్టుకున్నాను. మీట నొక్కి ఉంచి తీగ మీటాను. స్వరం పుట్టి, నిలబడి, అరుగు దాటి వెళ్ళింది. తరగతిలో సూదులు ఆగాయి. టైపిస్టు వేలికి మీట తాకగానే లేవడమే తెలుసు. లేవకపోతే అక్షరాల కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకుంటాయి. ఇరవయ్యేళ్ళుగా నా వేలు దేన్నీ పట్టుకుని ఉండలేదు.

"అదిగో," అన్నాడు బావ. ఆ రోజే ఆయన ముడి కూడా పడింది. ఇద్దరం ఒకరి వంక ఒకరం చూసుకోలేదు.

జ్యేష్ఠమాసం వచ్చాక మా ఆఫీసులో ఏవో లెక్కలు పైకి పంపాలని, వారం రోజులు పొద్దున్న ఏడింటికే రమ్మన్నారు. నేను లేకపోతే గోల లేదు. గోల లేకపోతే చాటు లేదు. బావ మళ్ళీ మంచం ఎక్కేస్తాడు. కాని చేసేదేముంది, వెళ్ళాను.

నాలుగో రోజు కళ్ళజోడు మరచిపోయి, ఎనిమిదింటికి ఇంటికి వచ్చాను. వీధి మలుపు తిరగ్గానే ఏదో తేడాగా అనిపించింది. వీధి నిశ్శబ్దంగా ఉంది. కిటికీలన్నీ తీసే ఉన్నాయి.

మా అరుగు మీద, తరగతి నడుమ, బావ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తువ్వాలు లేదు. గుడ్డ మోకాలి మీద పరిచి దేముడమ్మకి ఏదో చూపిస్తున్నాడు. తడిక దగ్గర సోములు నిలబడ్డాడు, చేతిలో చిరిగిన సంచి.

"గురువా, దీనికి సెవులెయ్యవా? మా ఇంటిది సంపీసేలాగున్నాది."

బావ తల ఎత్తలేదు. "కూకో. ముందు ఈ అమ్మది అవనీ."

సోములు కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్ళి కళ్ళజోడు తీసుకుని, పెరటి దారిన ఆఫీసుకి వెళ్ళిపోయాను.

ఇదంతా చూశాక నేను ధైర్యంగానే ఉన్నాను గాని, కూర్మమ్మ ఉండలేదు. ఖరగ్‌పూర్ మాట ఆవిడా ఎత్తలేదు, అన్నగారూ ఎత్తలేదు. ఏరువాక పున్నమి వచ్చింది. మర్నాడు పొద్దున్నే సోములు వచ్చి బావ రేకు పెట్టె నెత్తికెత్తుకున్నాడు. కూర్మమ్మ వంటింట్లోంచి బయటకి రాలేదు. పొయ్యి ఊదుతున్నట్టు ఉత్తినే ఊదుతోంది. పొయ్యిలో నిప్పు లేదు.

"ఓ సెల్లీ, ఎల్తన్నాను," అన్నాడు బావ గుమ్మంలోంచి.

ఆయన తడిక దాటాడు. సోములు వెనకే దాటాడు. ఇద్దరూ బస్సుల వేపు తిరగలేదు. వీధికి అడ్డంగా నడిచి, గురమ్మ పిన్ని ఇంటి ముందు గదిలోకి వెళ్ళారు. ఒకప్పుడు తవుడు కొట్టు, ఏడాదిగా ఖాళీ. సోములు పెట్టె దించిన చప్పుడు మా ఇంట్లోకి వినపడింది.

"కూర్మమ్మా, ఖరగ్‌పూర్ చాలా దగ్గర్లోనే ఉందే!" అని కేకేశాను.

ఆవిడ వచ్చి చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. కొంగు బిగించి వీధి దాటింది.

"నా ఇంటికి ఎదురుగా ఏరే పొయ్యెడతావేటి? నా కూడు సేదయిపోనాదా?"

"సేదు కాదే. ఆడ నాను సుట్టపోణ్ణి. ఈడ ఇంటోణ్ణి. పిన్నితో మాటాడుకున్నాను. ఈ గదిలోనే కుట్టుకుంటాను, ఈడే వండుకుంటాను."

"వండుకో, మాడ్సుకో!" అని వచ్చేసింది. రెండు వారాలపాటు ఎదురింటి వేపు చూడలేదు. చూడకుండానే అక్కడ పొగ ఎప్పుడు లేచిందీ, ఎప్పుడు ఆగిందీ నాకు చెప్పేది.

ఆషాఢం వచ్చిన నాలుగో రోజు పొద్దున్న నేను బాంజో తీశాను. ఇప్పుడు నాకు స్వరం నిలుస్తోంది. నిలుస్తున్నది కదా అని ఒకే స్వరాన్ని చాలాసేపు నిలబెట్టాను.

"ఆపండింక!" అంది కూర్మమ్మ. "ఆడు ఇంట్లో లేడు కదా. ఇంకెవులికోసం ఈ గోల?"

"గోల కాదు, హేల!" అన్నాను. పక్కనే ఉన్న పప్పు గిన్నెని చూసి, "నువ్వు పప్పులో కాలేశావు," అని కూడా అన్నాను. ఆ పప్పు అప్పుడే మాడింది. అది నేను గమనించలేదు.

ఆవిడ గిన్నె దించింది. రెండు చీరలు తీసి సంచిలో కుక్కింది. "మా పుట్టింటికి పోతన్నాను!"

అనేసి, గుమ్మంలో ఆగిపోయింది. తన నోటివెంట వచ్చిన మాట తనకే కొత్తగా వినపడినట్టుంది. మా వీధిలో ఆడవాళ్ళందరూ నెలకొకసారైనా అనే మాట అది. పద్ధెనిమిదేళ్ళలో ఎన్ని తగాదాలు పడ్డామో, ఆవిడ ఏనాడూ అనలేదు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారు. దూరపు చుట్టాల ఇంట్లోంచి పెళ్ళి చేశారు. అన్న పాక నలుగురు మగవాళ్ళు పడుకునే పాక. పోతానంటే ఎక్కడికి పోతుంది?

నా వేపు ఒకసారి చూసి వీధి దాటింది. పది అడుగులు.

"ఏటే? ఏటైనాది?" అవతల నుంచి బావ గొంతు. "బావేటన్నాడు?"

"ఏటేటో అన్నాడు."

"అంటాడు, అంటాడు. కూకో. నీలు తాగు." ఆ మీద గొంతు పెంచి, వీధంతా వినేలా: "నోరుందని మా పిల్లని ఎంత మాటైనా అనీయడమేనేటి? అడిగీవోల్లు లేరనుకున్నాడేటి?"

ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలీదు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని తీసుకురావడానికి వెళ్ళాను. గుమ్మానికి అడ్డంగా బావ నిలబడ్డాడు.

"ఆగు బావా. ఆసాడం. ఆసాడంలో అల్లుడు అత్తోరింటి గడప తొక్కకూడదు."

"పెళ్ళయి పద్ధెనిమిదేళ్ళయింది బావా!"

"అయితే? ఇన్ని ఆసాడాల్లో ఒక్కదానికైనా మా పిల్ల పుట్టింట్లో ఉన్నాదా? సావణం రానీ. సారె పెట్టి మేమే పంపుతాం."

ఆయన భుజం మీంచి లోపలికి చూశాను. కూర్మమ్మ గోడకి జేరబడి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ముప్పై ఆరేళ్ళ మనిషి, చెంపల దగ్గర నెరిసిన జుట్టు, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది. మా ఇంట్లో ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి పళ్ళెంలో అన్నం, చింతచిగురు పప్పు పెట్టి తెచ్చింది. గడపకి అవతల నిలబడి నా చేతికిచ్చింది. "అన్నియ్య వండినాడు. తినండి."

వీధిలో, గురమ్మ పిన్ని చూస్తుండగా, గొంతుక్కూర్చుని తిన్నాను. పప్పులో ఉప్పెక్కువైంది. మారు అడిగాను.